పుస్తకాలు ఇచ్చాం సరే, పిల్లల చేతికి చేరాయా?

సొంత ఊరి బడికి ఏదైనా చేయాలనుకున్నప్పుడు, ఊరికి దూరంగా ఉంటూ సంఘంగా కూడిన మనలో చాలామందికి ముందుగా తట్టేది గ్రంథాలయమే. చందాలు పోగవుతాయి, బీరువా కొంటాం, కొన్ని వందల పుస్తకాలు వస్తాయి, దాతల పేర్లతో ఫలకం పెడతారు. ఆ ఉత్సాహాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఏడాది తర్వాత అదే బడికి వెళ్లి చూస్తే చాలాచోట్ల బీరువాకు తాళం వేసి ఉంటుంది, లోపల పుస్తకాలు నలగకుండా ఉంటాయి. ప్రాథమిక పాఠశాలలో పుస్తకం కొత్తగానే ఉండిపోయిందంటే అది ఏ పిల్లకూ అందలేదన్నమాట.

తాళం ఎందుకు పడుతుంది? టీచర్లకు పట్టదని తేల్చేయడం తేలిక. నేను మాట్లాడిన టీచర్లు చెప్పిన కారణం వేరు: స్టాక్ రిజిస్టర్. బడికి వచ్చిన వస్తువు అందులోకి ఎక్కుతుంది. హెడ్‌మాస్టర్ బదిలీ అయినా, రిటైరైనా, ఛార్జి అప్పగించే రోజున లెక్క సరిపోవాలి. ఆరేళ్ల పిల్లాడి చేతికి పుస్తకం ఇస్తే చిరుగుతుంది, తడుస్తుంది, ఒక్కోసారి పోతుంది. పోయినదానికి తానే జవాబు చెప్పుకోవాలన్న టెన్షన్ ఉన్నంతకాలం ఎంత మంచి టీచరైనా తాళం వేయకుండా ఉండలేరు.

అందుకే విరాళంతో పాటు ఒక ఉత్తరం కూడా ఇవ్వాలంటాను. ‘ఈ పుస్తకాలు పిల్లలు వాడుకోవడానికే. చిరిగినా పోయినా మేం ఎవరినీ అడగం. ఏటా కొన్ని కొత్తవి పంపుతాం’ అని సంఘం తరఫున రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి. పాఠశాల కమిటీ చేత కూడా అదే మాట తీర్మానంగా రాయించగలిగితే ఇంకా మంచిది. పైసా ఖర్చు లేని ఆ కాగితం హెడ్‌మాస్టర్‌కు కొండంత ధైర్యం.

పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికే. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో మొట్టమొదటిది ఇదే. ఒకప్పుడు యూరప్ గ్రంథాలయాల్లో పుస్తకాలను గొలుసులతో అరలకు కట్టేసేవారు. మన పల్లెల్లో ఆ గొలుసు పని తాళం చేస్తోంది. నిజానికి మన తెలుగువాళ్లకు ఈ విషయం ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. గ్రంథాలయోద్యమ నాయకుడు అయ్యంకి వెంకటరమణయ్య లాంటివారి పూనికతో 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. 1935లో అదే ఉద్యమానికి చెందిన పాతూరి నాగభూషణం పడవలో పుస్తకాలు పెట్టి కాలువ వెంట ఊళ్లకు పంపారు. చదివేవాళ్లు ఎక్కడుంటే అక్కడికి పుస్తకం వెళ్లాలన్నది ఆ తరం పట్టుదల. మన దగ్గర వాళ్లకు లేనంత డబ్బుంది. ఆ పట్టుదలే కావాలి.

చట్టం కూడా మన పక్షానే ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ గ్రంథాలయం ఉండాలనీ, అందులో వార్తాపత్రిక, పత్రికలు, కథల పుస్తకాలు కూడా ఉండాలనీ స్పష్టంగా రాశారు. ప్రభుత్వ పాఠశాల విద్యా పథకమైన సమగ్ర శిక్ష కింద ప్రాథమిక పాఠశాలకు ఏటా 5,000 రూపాయల దాకా లైబ్రరీ గ్రాంటు ఇచ్చే వీలుంది. కాబట్టి మనం వెళ్లి అడిగితే కొత్తగా ఏదో అడిగినట్టు కాదు.

ఇక ఏ పుస్తకాలు పంపుతున్నాం? దాతలు ఇష్టపడేవి ఎక్కువగా లావుపాటి ఇంగ్లిష్ విజ్ఞాన సర్వస్వాలు, మహనీయుల జీవిత చరిత్రలు, పోటీ పరీక్షల గైడ్లు. రెండో తరగతి పిల్లకు వీటితో పనేముంది? అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్లకు పేజీకి ఒకటి రెండు వాక్యాలు, పెద్ద అక్షరాలు, ఒత్తులు తక్కువగా ఉన్న మాటలు, కథను సగం తానే చెప్పేసే బొమ్మ కావాలి. అలాంటివి తెలుగులో దొరుకుతున్నాయి. సికింద్రాబాద్‌లోని ‘మంచి పుస్తకం’ అనే సంస్థ, నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్ ప్రచురించినవి చూడండి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉంటాయి, ఉచితంగా దింపుకుని అచ్చు వేసుకోవచ్చు కూడా. ఒక విజ్ఞాన సర్వస్వం సెట్టు ఖరీదుతో ఒక తరగతి మొత్తానికి తలా ఒక బొమ్మల పుస్తకం వస్తుంది. నా ఓటు ఎప్పుడూ బొమ్మల పుస్తకాలకే.

నేను చూసిన ఒక చిన్న బడిలో బీరువానే లేదు. గోడకు ఈ చివర నుంచి ఆ చివరకు రెండు వరసల తాడు కట్టి, పుస్తకాలను మధ్యకు తెరిచి దాని మీద వేలాడదీశారు. కింది వరస ఒకటో తరగతి పిల్లల చేతికి అందేంత ఎత్తులో ఉంది. ఇష్యూ రిజిస్టర్ రాసేది అయిదో తరగతి అమ్మాయి. పెన్సిల్‌తో గీసిన గళ్లలో పేరు, పుస్తకం, తీసుకున్న రోజు, తెచ్చిన రోజు. ఒక పిల్లవాడి పేరు పక్కన వారం వారం ఒకే ఏనుగు పుస్తకం ఉంది. ‘వాడికి అదే కావాలంట సార్’ అంది ఆ అమ్మాయి, అందులో వింతేముందన్నట్టు. అడిగితే ఆ పిల్లవాడు పుస్తకం మూసి ఉండగానే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చెప్పేశాడు, ఆ తర్వాత తెరిచి, తాను చెప్పిన మాట ఏ అక్షరాల్లో ఉందో వేలితో వెతకడం మొదలుపెట్టాడు. చదవడం పట్టుబడేది ఇలాగే.

ఆ బడిలో ఇద్దరే టీచర్లు, అయిదు తరగతులు. ఒక టీచర్ నాలుగో తరగతికి లెక్కలు చెబుతుంటే పక్క వరండాలో పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు కథ చదివి వినిపిస్తున్నారు. లైబ్రరీ పీరియడ్ పెడితే సిలబస్ వెనకబడుతుందని భయపడేవాళ్లు ఇది చూడాలి. ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను: కథ చదివిన పిల్లను ‘ఇందులో నీతి ఏమిటి?’ అని అడగొద్దు. సారాంశం రాయమని అంతకన్నా వద్దు. పుస్తకం తెరిస్తే ప్రశ్న ఎదురవుతుందని తెలిసిన పిల్ల మళ్లీ దాని జోలికి రాదు. అడగాలనిపిస్తే ‘ఇంకోటి కావాలా?’ అని అడగండి.

మన సంఘం వరకు వస్తే, ఈ పనికి కేటాయించే సొమ్ములో సగమే మొదటి ఏడాది ఖర్చుపెట్టి, మిగతాది వచ్చే రెండేళ్లకు అట్టిపెట్టాలి. అందులోంచే ఊళ్లో డిగ్రీ చదివే అమ్మాయికో అబ్బాయికో కొంత గౌరవ వేతనం ఇచ్చి, వారానికి రెండు పూటలు వచ్చి కథలు చదివి వినిపించమని అడగొచ్చు. ఏడాది చివర మనకు రావాల్సింది ప్రారంభోత్సవం ఫోటో కాదు, ఇష్యూ రిజిస్టర్ పేజీల ఫోటోలు.

ఎప్పుడు ఇస్తున్నామన్నది కూడా చూసుకోవాలి. మనం ఊరికి వెళ్లేది ఎక్కువగా డిసెంబర్‌లో, అప్పటికి బడిలో సగం ఏడాది గడిచిపోయి ఉంటుంది. పుస్తకాలు జూన్‌లో బడి తెరిచేనాటికి అక్కడ ఉండాలి. ఏప్రిల్ చివర్లో వేసవి సెలవులు ఇచ్చే రోజున ఒక్కో పిల్లకూ రెండేసి పుస్తకాలు ఇంటికిచ్చి పంపమని హెడ్‌మాస్టర్‌ను ముందే కోరాలి. దాదాపు ఏడు వారాల సెలవులు. ఇంట్లో చెల్లి, అమ్మ, నాయనమ్మ కూడా ఆ కథలు వింటారు. జూన్‌లో కొన్ని తిరిగి రావు. వాటి బదులు పంపడానికే ఆ రెండో ఏడాది డబ్బు.