సవరణ: షీహాన్ సిండ్రోమ్‌లో టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే చాలదు

కాన్పులో విపరీతంగా రక్తం పోయి, మెదడు అడుగున ఉండి మిగతా హార్మోన్ గ్రంథులను నడిపించే పిట్యూటరీ గ్రంథి దెబ్బతింటే వచ్చేది షీహాన్ సిండ్రోమ్. నాలాంటి వాళ్లెవరైనా ఉంటే మాట్లాడుకుందామని మొన్న రాసిన పోస్టులో, 'టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉంటే థైరాయిడ్ గురించి టెన్షన్ అక్కర్లేదు' అన్నాను. అది తప్పు.

టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్, దాన్ని తయారుచేసేదే పిట్యూటరీ. అదే దెబ్బతిన్నాక ఆ అంకె నార్మల్‌గా కనిపిస్తున్నా ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ చాలకపోవచ్చు. మనం చూసుకోవాల్సింది ఫ్రీ టీ4 (రక్తంలో ప్రోటీన్లకు అంటుకోకుండా విడిగా ఉన్న థైరాయిడ్ హార్మోన్). థైరాయిడ్ మాత్ర మోతాదు సరిచూసేదీ దానితోనే. ప్యాకేజీ టెస్టుల్లో తరచూ వచ్చే టోటల్ టీ4 (అంటుకున్నదీ కలిపి లెక్కేసేది) వేరు, కాబట్టి ఫ్రీ టీ4 అని చీటీలో విడిగా రాయించుకోండి.

పిట్యూటరీ మీదే ఆధారపడే ఇంకో హార్మోన్ కార్టిసాల్ కూడా తక్కువగా ఉంటే, ముందు దాని బదులు స్టెరాయిడ్ మొదలుపెట్టి, ఆ తర్వాతే థైరాక్సిన్ (థైరాయిడ్ మాత్ర) ఇస్తారు. ఈ వరస తప్పితే ప్రాణం మీదికి రావచ్చు (నేను అసలు రాయాల్సింది ఇది). మా ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) చెప్పిందీ, హార్మోన్ వైద్యుల మార్గదర్శకాల్లో ఉన్నదీ ఇదే.

నా పోస్టు చూసి ఎవరైనా థైరాయిడ్ మాత్ర ఆపి ఉంటే ఇవాళే డాక్టరుతో మాట్లాడండి. స్టెరాయిడ్ మాత్రం సొంతంగా అస్సలు ఆపకండి.