ఆవిరి మీద పన్ను

మధ్యతరగతి వాడికి కృతజ్ఞత తక్కువ. బాధతోనే రాస్తున్నాను ఈ మాట.

అమెరికాలోని మా నార్త్ కరోలినా రాష్ట్ర ప్రభుత్వం పదేళ్లకు పైగా మా ఆదాయపు పన్ను తగ్గిస్తూనే ఉంది. 2013 దాకా 6, 7, 7.75 శాతాలని మూడు మెట్లుండేవి. 2014లో మెట్లు పీకేసి, గొప్పా బీదా లేకుండా అందరికీ 5.8 అన్నారు. అది జారుతూ జారుతూ 2025లో 4.25కు, 2026లో 3.99కు దిగింది. అయినా మా ఊరు కేరీలో ఏ బర్త్‌డే పార్టీకి వెళ్లినా, చేతిలో పేపర్ ప్లేటు పట్టుకుని "ఏం మిగలట్లేదు బాసూ" అనేవాళ్లే.

మిగలకపోవడమేమిటి? మినహాయింపుల గొడవ పక్కన పెట్టి, పన్ను పడే ఆదాయం లక్ష డాలర్లున్న జంటనే తీసుకోండి. పాత రేట్లలో దాదాపు 6,790 కట్టేవాళ్లు, ఇప్పుడు 3,990. అంటే 2,800 మిగులు! పది లక్షలున్న జంటకు 36,600 పైనే మిగులు. వాళ్లు ఒక్కనాడైనా నోరెత్తారా? పెద్దమనిషి తరహా అంటే అదీ. కంపెనీలు మరీ నెమ్మదస్తులు. వాటి పన్ను 6.9 నుంచి 2కు వచ్చింది, 2030కి సున్నా అవుతుంది. ఏ కంపెనీ అయినా పేపర్ ప్లేటు పట్టుకుని నిట్టూర్చిందా?

మన 2,800 అంటారా, అది ఎక్కడికీ పోలేదు, రాష్ట్రంలోనే తిరుగుతోంది. 2014లో సినిమా టికెట్టు మామూలు అమ్మకపు పన్ను కిందికి వచ్చింది. అదే ఏడు, ఆగస్టులో బడి బట్టలకూ పుస్తకాలకూ పన్ను లేని ఆ వారాంతాన్ని ఎత్తేశారు. షార్లెట్‌లో ఉన్నవాళ్లు సరిహద్దు దాటి, అలాంటి వారాంతం ఇంకా ఉన్న సౌత్ కరోలినాలోని ఫోర్ట్ మిల్‌కు వెళ్లి కొనుక్కోవచ్చు, మాకు ఆ భాగ్యమూ లేదు. 2016 మార్చి నుంచి రిపేరు కూలీ మీద కూడా పన్నే. కారులో వేసిన పార్టుకు పన్ను, ఆ పార్టు బిగించిన చేతికీ పన్ను.

ఈ విద్యలోని లోతు నాకు మా మామగారు వచ్చాకే తెలిసింది. ఆయన రాజమండ్రిలో వాణిజ్య పన్నుల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. మనవడితో ఆడుకోవడం మానేసి మా బిల్లులు చదువుతుంటారు. మొన్న ఆదివారం రెండు బిల్లులు పక్కపక్కన పెట్టుకుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసి పిలిచారు.

"అల్లుడుగారూ, షాపులో కొన్న ఇడ్లీపిండికి 2 శాతం. హోటల్లో తిన్న ఇడ్లీకి 8.25. అవునా?"

"అవునండీ. ఇక్కడ మామూలు రేటు 7.25. వండి పెడితే మా వేక్ కౌంటీ ఇంకో శాతం కలుపుతుంది."

"అంటే ఆవిరి మీద 6.25 శాతం అన్నమాట." ఆయన గొంతులో అసూయ స్పష్టంగా వినిపించింది. "ముప్ఫై రెండేళ్ల సర్వీసులో మాకెవరికీ తట్టలేదండీ!"

తర్వాత పల్లీపట్టీ దగ్గర ఆగారు. దానికి 7.25. పక్కనే మైసూర్‌పాక్‌కు 2. రెండూ తీపే కదా అని ఆయన సందేహం. ఇక్కడి చట్టంలో పిండి కలవని తీపి ముక్క క్యాండీ, దానికి పూర్తి పన్ను. పిండి కలిస్తే అది ఆహారం. మైసూర్‌పాక్‌లో సెనగపిండి ఉంది కాబట్టి గౌరవంగా ఆహారంలో చేరింది. పాపం పల్లీపట్టీ, బెల్లాన్నీ పల్లీలనూ నమ్ముకుని చెడింది.

మామగారు చాలాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రి ఇండియాకు ఫోన్ చేసి అత్తయ్యగారితో నెమ్మదిగా చెబుతుంటే విన్నాను: "ఈసారి పల్లీపట్టీలో చెంచాడు గోధుమపిండి వెయ్యి. ఎందుకు అంటే... నువ్వు వెయ్యవే, వచ్చాక చెబుతాను."