కార్డు ఉంటే ఇన్సూరెన్స్ దండగా? ఆ అద్దె కారు ఫార్వర్డ్‌లో ఒక్కో మాటా చూద్దాం

"పన్నెండేళ్లుగా అమెరికాలో ఉంటున్న అన్నగా చెబుతున్నా" అని మొదలయ్యే ఆ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. అమెరికా ట్రిప్‌లో అద్దె కారు చవగ్గా ఎలా దొరకబుచ్చుకోవాలో చెప్పే ఎనిమిది చిట్కాలు, చివర్లో "కనీసం పది మందికి పంపండి". నాకు ఈ ఎండాకాలంలోనే నాలుగు గ్రూపుల్లో వచ్చింది. నాలుగోసారి పంపింది మా బావ. అక్కనీ పిల్లల్నీ తీసుకుని హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగి, కారు తీసుకుని లాస్ ఏంజెలెస్ దాకా వెళ్లాలని వాళ్ల ప్లాను. "ఇందులో చెప్పినట్టే బుక్ చేసేశాను, ఒకసారి చూడు" అన్నారు. చూశాను. చూసి వెంటనే ఫోన్ చేశాను.

ఆ మెసేజ్‌లో ఉన్నవన్నీ పచ్చి అబద్ధాలని అనను. రాసినాయనకి అక్కడ సొంత కారుంది, దానికి ఇన్సూరెన్స్ ఉంది, జేబులో అక్కడి బ్యాంకు ఇచ్చిన కార్డుంది. ఆయనకి పనికొచ్చిన చిట్కాలు ఆయనకి నిజమే. ఇక్కణ్నుంచి రెండు వారాలకు వెళ్లేవాళ్లకు ఆ మూడింట్లో ఒక్కటీ ఉండదు. ఈ ఒక్క సంగతి మర్చిపోవడం వల్లే మెసేజ్ సగం తప్పయింది.

"సైట్‌లో చూపించిందే అసలు ధర, కౌంటర్‌లో ఎక్కువ అడిగితే మోసం."

కాదండీ. అమెరికా సైట్లలో పెద్దక్షరాల్లో కనిపించేది చాలాసార్లు కారు రోజు అద్దె మాత్రమే. పన్నులూ ఫీజులూ చివరి పేజీలో కలుస్తాయి. ఎయిర్‌పోర్టులో వ్యాపారం చేసుకుంటున్నందుకు కంపెనీ తన రాబడిలో కొంత ఎయిర్‌పోర్టుకి కట్టాలి, దాన్ని "కన్సెషన్ రికవరీ ఫీ" పేరుతో మన నెత్తిన వేస్తారు, అది పది శాతం పైమాటే ఉండటం మామూలే. దానికింద "కస్టమర్ ఫెసిలిటీ చార్జ్". శాన్‌ఫ్రాన్సిస్కోలో విమానం దిగాక ఎయిర్‌ట్రెయిన్ ఎక్కి అద్దె కార్ల బిల్డింగ్‌కి వెళ్తాం కదా, అలాంటి బిల్డింగులూ రైళ్లూ ఈ డబ్బుతోనే నడుస్తాయి. రైలు ఫ్రీ అని సంబరపడతాం కానీ, టికెట్ కారు బిల్లులో ఉంటుంది. ఆ కింద కారు రిజిస్ట్రేషన్ ఖర్చు రాబట్టుకోవడానికి ఇంకో లైను, కాలిఫోర్నియా అయితే టూరిజం ఫీ ఒకటి, ఆపైన సేల్స్ ట్యాక్స్. ఇవన్నీ కట్టాల్సినవే, కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి సొంతంగా కల్పించినవి కావు.

కౌంటర్‌లో అమ్మజూపేవి వేరు: పెద్ద కారు, పెట్రోల్ ప్యాకేజీ, రోడ్డు పక్కన ఆగిపోతే సాయం, ఇన్సూరెన్సులు. గంటల తరబడి ప్రయాణం చేసి, పిల్లలు ఏడుస్తుంటే, ఆమె చిన్న స్క్రీన్ మీద "ఇక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి" అంటూ పొట్టి సంతకాలు పెట్టించుకుంటుంది. ఏ గడిలో ఒప్పుకున్నామో, ఏ గడిలో వద్దన్నామో చాలామందికి హోటల్‌కి వెళ్లాక కూడా తెలియదు. నేనూ మొదటిసారి అలాగే పెట్టేశాను, అక్కర్లేని రోడ్‌సైడ్ ప్యాకేజీకి వారం మొత్తం కట్టాను. అది మోసమని అనలేను, సంతకం నాదే కాబట్టి. స్క్రీన్ మీద చివరి మొత్తం చూపించమని అడిగి, అది మన బుకింగ్‌లోని మొత్తంతో కలవకపోతే అప్పుడే ఎందుకని అడగాలి. వెనకాల క్యూ ఉంటే ఉండనివ్వండి.

"క్రెడిట్ కార్డుంటే చాలు, ఇన్సూరెన్స్ అన్నీ వద్దనండి."

ఈ ఎనిమిదింట్లో మనుషుల్ని నిజంగా ముంచేది ఇదే. అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను.

కౌంటర్‌లో ఇన్సూరెన్స్ అనే మాట కింద రెండు వేర్వేరు సంగతులు దాక్కుని ఉంటాయి. ఒకటి, మనం తీసుకున్న కారుకి దెబ్బ తగిలినా, దొంగలెత్తుకుపోయినా మన మీద పడే భారం. దీన్నుంచి తప్పించేదాన్ని సీడీడబ్ల్యూ అనో ఎల్‌డీడబ్ల్యూ అనో అంటారు. రెండోది, మనం ఇంకొకరిని గుద్దితే వాళ్ల ఆస్పత్రి ఖర్చు, వాళ్ల కారు, వాళ్లు వేసే కేసు. దీని పేరు లయబిలిటీ.

అమెరికన్ కార్డులు చాలావరకు మొదటిదానికి ఏదో ఒక రూపంలో సాయం చేస్తాయి, అదీ షరతుల మీద. అద్దె మొత్తం ఆ కార్డుతోనే కట్టాలి, కంపెనీ ఇచ్చే ఎల్‌డీడబ్ల్యూ వద్దనాలి, మరీ పెద్ద వ్యాన్లు ఉండకూడదు. రెండు కుటుంబాలు కలిసి పన్నెండు సీట్ల బండి తీసుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. చాలా కార్డుల్లో ఇది సెకండరీ, అంటే నష్టానికి ముందు మీ సొంత కారు పాలసీ డబ్బివ్వాలి, మిగిలింది కార్డు చూసుకుంటుంది. మన ఇండియా కార్డుల్లో మాత్రం ఈ సదుపాయం అసలుండటమే అరుదు. "ప్రీమియం కార్డు కదా, ఉండే ఉంటుంది" అనుకోవద్దు, నిబంధనల కాగితంలో కనపడితేనే ఉన్నట్టు.

రెండోదాన్ని, అంటే లయబిలిటీని, ఈ కార్డు సదుపాయాలు ముట్టుకోవు. అమెరికన్ కార్డైనా అంతే. మెసేజ్ రాసినాయనకి ఇది తెలియకపోవడానికి కారణం ఉంది. ఆయన అద్దె కారు నడిపినా, ఇంట్లో ఉన్న సొంత కారు పాలసీ సాధారణంగా అద్దె కారుకీ వర్తిస్తుంది. ఆయన కౌంటర్‌లో "వద్దు" అన్నప్పుడు వెనకాల ఒక పాలసీ నిలబడి ఉంది. బావ "వద్దు" అంటే వెనకాల ఎవరూ లేరు.

మనవాళ్లకి ఈ భయం తట్టకపోవడానికి ఇంకో కారణం ఇక్కడి అలవాటు. ఇండియాలో థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి, మనిషికి గాయమైనా ప్రాణం పోయినా ఆ పాలసీకి పరిమితి లేదు. కోర్టు ఎంత చెబితే అంత. (ఆస్తి నష్టానికి మాత్రం ప్రైవేటు కార్లకు ఏడున్నర లక్షల పరిమితి ఉంది.) అమెరికాలో అలా కాదు, ప్రతి రాష్ట్రానికీ ఒక కనీస మొత్తం. కాలిఫోర్నియాలో 2024 చివరి వరకూ అది ఒక మనిషి గాయాలకి 15,000 డాలర్లు, ఆస్తి నష్టానికి 5,000. 2025 జనవరి 1 నుంచి 30,000, 15,000 చేశారు. పెంచాక కూడా ఎంతో చూడండి. ఎదుటివాళ్ల కారు కొత్త టెస్లా అయితే బంపర్, కెమెరాలు, తలుపు కలిపి ఆ 15,000 ఎక్కడికి సరిపోతుంది? ఇక మనిషికి ఎముక విరిగి ఆపరేషన్ అయితే 30,000 కూడా చాలకపోవచ్చు. అద్దె కంపెనీ ఇస్తే గిస్తే ఆ కనీస మొత్తమే ఇస్తుంది. పోనీ కారు ఓనరు కదా అని కంపెనీ మీదకి తోసేద్దామంటే, 2005లో వచ్చిన గ్రేవ్స్ సవరణ అనే ఫెడరల్ చట్టం కేవలం కారు వాళ్లదైనంత మాత్రాన అద్దె కంపెనీని బాధ్యుల్ని చేయడానికి వీల్లేదంది. మిగిలింది నడిపినవాళ్లే.

కాబట్టి ఇండియా నుంచి వెళ్లేవాళ్లు వద్దనకూడనిది ఏదైనా ఉంటే అది సప్లిమెంటల్ లయబిలిటీ, అంటే ఆ కనీస మొత్తం పైన అదనంగా కొనుక్కునే లయబిలిటీ. మిగతావాటి మీద బేరాలు తర్వాత.

"సైట్‌లో దేశం అమెరికా అని పెట్టండి, ధర సగమవుతుంది."

బావ చేసింది ఇదే. నిజంగానే తగ్గింది. ఎందుకు తగ్గిందో చూడలేదు. బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లకి సొంత పాలసీ ఉండదని కంపెనీలకి తెలుసు, అందుకే మనం ఉంటున్న దేశం ఇండియా అని పెడితే చాలా కంపెనీలు ఎల్‌డీడబ్ల్యూ, లయబిలిటీ కలిపిన రేటు చూపిస్తాయి. అమెరికా అని మార్చగానే ఆ రెండూ ఎగిరిపోయి ఉత్త కారు అద్దె మిగులుతుంది. ధర తగ్గలేదు, ఇన్సూరెన్స్ తీసేశారు, అంతే. అవే రెండూ కౌంటర్ దగ్గర విడిగా కొంటే చాలాసార్లు కారు అద్దెని మించిపోతాయి. పైగా అక్కడ హైదరాబాద్ అడ్రసున్న లైసెన్స్ చూపించాక, అమెరికా నివాసి రేటు ఎలా తీసుకున్నారని అడిగితే చెప్పడానికి ఏముంది?

"ముందు బుక్ చేయొద్దు, చివరి నిమిషంలో బేరమాడితే అయినకాడికి ఇచ్చేస్తారు."

ఇదేం రైతు బజార్ కాదు, సాయంత్రమయ్యేసరికి టమాటాలు తక్కువకి అమ్మేయడానికి. కార్లు తగ్గేకొద్దీ రేటు పెరుగుతుంది. 2021 గుర్తుందా? కోవిడ్‌లో వ్యాపారం పడిపోయి కంపెనీలు కార్లు అమ్ముకున్నాయి, హెర్ట్జ్ అనే పెద్ద అద్దె కార్ల కంపెనీ 2020 మేలో దివాలా రక్షణకి వెళ్లింది. జనం మళ్లీ తిరగడం మొదలుపెట్టేసరికి కార్లు లేవు, కంప్యూటర్ చిప్పుల కొరతతో కొత్తవీ రాలేదు. హవాయిలో టూరిస్టులు ఇళ్లు మారేటప్పుడు వాడే యూ-హాల్ ట్రక్కులు అద్దెకి తీసుకుని బీచ్‌లకు వెళ్లారు. అంత కరువు ఇప్పుడు లేకపోయినా, లాంగ్ వీకెండ్ ముందు రోజు కౌంటర్ దగ్గర నిలబడి బేరమాడదామంటే వాళ్లు నవ్వుతారు.

డబ్బు ముందే కట్టక్కర్లేకుండా రద్దు చేసుకునే వీలున్న బుకింగ్ ఒకటి పెట్టుకుని, వారానికోసారి మళ్లీ చూడండి, తగ్గితే కొత్తది చేసి పాతది తీసేయండి. నేను చేసేది ఇదే. ఇంకోటి, ఐదు రోజుల కన్నా వారం రేటే తక్కువ పడటం చాలాసార్లు చూశాను. కానీ వారానికి తీసుకుని ముందే ఇచ్చేస్తే రోజు లెక్కకి మార్చి ఎక్కువ వేయొచ్చు. రోజంటే వాళ్లకి తేదీ కాదు, ఇరవై నాలుగు గంటలు. ఉదయం పదింటికి తీసుకుని చివరి రోజు మధ్యాహ్నం ఇస్తే అదనపు గంటలు, కొన్నిచోట్ల ఏకంగా ఇంకో రోజు పడుతుంది. అలమో, నేషనల్, ఎంటర్‌ప్రైజ్ ఒకే యజమానివి, హెర్ట్జ్, డాలర్, థ్రిఫ్టీ ఇంకొకరివి, ఏవిస్, బడ్జెట్ మరొకరివి. పేరు మారితే రేటు మారుతుంది, కారు మాత్రం దాదాపు అదే.

"పెట్రోల్ డబ్బు ముందే కట్టేయండి." ట్యాంకు ఖాళీగా తిరిగిస్తేనే లాభం. ఎయిర్‌పోర్టుకి వెళ్తూ చుక్క మిగలకుండా లెక్కేసి నడిపే ధైర్యం ఎవరికుంది? నింపి ఇవ్వండి, బంకు రసీదు దాచుకోండి.

"టోల్ ఎవరూ అడగరు." అడగరు, పంపిస్తారు. శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ వంతెన మీద 2013 మార్చి నుంచి నగదు తీసుకునే మనిషే లేడు, కెమెరా నంబర్ ప్లేట్‌ని ఫోటో తీస్తుంది. వంతెన అవతలున్న సాసలీటో వైపు వెళ్లేటప్పుడు ఏమీ ఉండదు, ఊళ్లోకి తిరిగొచ్చేటప్పుడే పడుతుంది. ఆ ఒక్క టోల్‌తో పాటు అద్దె కంపెనీ టోల్ సేవకి రోజువారీ ఫీజు, కొన్ని ప్లాన్లలో టోల్ దాటని రోజులకి కూడా, మీరు ఇంటికొచ్చి ఆ ట్రిప్పే మర్చిపోయాక కార్డు మీద కనిపిస్తుంది. ఆ వంతెనకి ఒక్కసారికి మనమే ఆన్‌లైన్‌లో కట్టుకునే వీలుంది, రెండు నిమిషాల పని.

"రూపాయల్లో కట్టండి, డెబిట్ కార్డైనా ఫర్లేదు." రెండూ తప్పే. మెషీన్ రూపాయలా డాలర్లా అని అడిగితే డాలర్లే నొక్కాలి, రూపాయల రేటులో వాళ్ల లాభం ముందే కలిపి ఉంటుంది. డెబిట్ కార్డు చాలాచోట్ల తీసుకోరు, తీసుకున్నా డిపాజిట్ కింద మీ ఖాతాలో ఉన్న నిజం డబ్బు ఆగిపోతుంది, కారు ఇచ్చాక కూడా రోజుల తరబడి. కార్డులో అంతర్జాతీయ వాడకం ఆన్ చేసుకుని వెళ్లండి. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం 2020 మార్చి 16 నుంచి ఇచ్చే కార్డుల్లో అది ఆఫ్‌లోనే వస్తుంది.

ఆఖరిది, "ఒకరి పేరు మీద తీసుకుని అందరూ నడపొచ్చు". ఎంఎస్‌కి వచ్చిన పిల్లలు ఎక్కువగా చేసేది ఇదే, ఎందుకంటే పాతికేళ్ల లోపు వాళ్లకి రోజుకింత అని అదనంగా వేస్తారు, ఆ డబ్బు మిగుల్చుకోవడానికి సీనియర్ పేరు మీద తీసుకుంటారు. కాంట్రాక్టులో పేరు లేనివాళ్లు నడిపి గుద్దితే కొన్న ఎల్‌డీడబ్ల్యూ కూడా పోతుంది. చాలా కంపెనీలు భార్యనో భర్తనో అదనపు ఫీజు లేకుండానే నడపనిస్తాయి, అయినా కౌంటర్‌లో పేరు రాయించండి.

బావ ఆ బుకింగ్ రద్దు చేసి, ఇండియా అని పెట్టి, రెండూ కలిపిన రేటుకి మళ్లీ చేశారు. మొదటిదానికన్నా బాగానే ఎక్కువైంది. స్క్రీన్‌షాట్ కింద ఒక లైను పెట్టారు: "పాత రేటు మీ అక్కకి చెప్పకు."