ప్లేటు సంగతి తర్వాత, ముందు ముక్కు చూపించండయ్యా

నోరు తెరుచుకుని నిద్రపోయే పిలకాయల్ని నేరుగా పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయి 'దవడ పెంచే ప్లేటు పెట్టండి' అనడం ఈ మధ్య ఎక్కువైంది. రీల్స్ పుణ్యం. ముక్కు వెనకాల ఎడినాయిడ్స్ అనే కండ ఉబ్బి దారి మూసుకుంటే, అంగిలి ఎంత వెడల్పు చేసినా బిడ్డ నోటితోనే గాలి పీలుస్తాడు. ఎలాగూ నెల్లూరులో ఆసుపత్రులుండే పొగతోటకే వస్తారు కదా, ముందు ఈఎన్‌టీ మెట్లెక్కండి. పళ్ల పరంగా అవసరం లేకుండా, రేపు శ్వాస ఇబ్బంది రాకుండా ఉంటుందని మాత్రమే ఎక్స్‌పాండర్ (ఆ దవడ పెంచే ప్లేటే) వేయొద్దని అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘమే 2019లో చెప్పింది.

నిజంగా పై దవడ ఇరుకై, వెనక పళ్లు కిందవాటి లోపలికి పడుతుంటే మాత్రం ఎక్స్‌పాండర్ బ్రహ్మాండమైన వస్తువు. చెడేదల్లా ఇంట్లో, ప్లేటు మధ్యలోని స్క్రూను చిన్న తాళం చెవితో తిప్పే దగ్గర. ఆ తాళానికి దారం కట్టి చేతికి చుట్టుకోండి, గొంతులోకి జారితే గోల. బిడ్డను పడుకోబెట్టి, తల వెనక్కి వాల్చి, ఫోను లైటు వేయండి. స్క్రూలో ముందు వైపు కనపడే రంధ్రంలో తాళం పెట్టి గొంతు వైపుకు నెట్టాలి. తర్వాతి రంధ్రం పూర్తిగా కనపడిందా? అప్పుడే ఆ తిప్పు అయినట్టు. తీసేటప్పుడు ముందుకు లాగారంటే తిప్పింది కాస్తా వెనక్కి పోతుంది. తాళాన్ని వెనక వైపుకే కిందికి దించి తీయండి. సగం తిప్పి వదిలేస్తే మర్నాడు రంధ్రమే దొరకదు, 'స్క్రూ చెడిపోయింది' అని ఫోన్లు.

ఒక తిప్పుకు పావు మిల్లీమీటరు. రోజుకు ఒకటా రెండా, ఎన్ని రోజులనేది డాక్టరు రాసిచ్చిందే. కొన్నాళ్లకు ముందు పళ్ల మధ్య సందు వస్తుంది. కంగారు పడకండి, అంగిలి మధ్యలోని ఎముక అతుకు విడిందనడానికి గుర్తు అదే. ఆ సందు దానంతటదే మూసుకుంటుంది. అది చూసి 'పని అయిపోయిందిగా, తీసేయండి' అంటారు చూడండి, అక్కడే కొంప మునిగేది! లోపల ఎముక నిండాలంటే స్క్రూ కదలకుండా దాదాపు ఆరు నెలలు ఉంచాలి. అన్నాళ్లూ మలై కాజా, పల్లీ చిక్కీ బంద్.

కనిగిరి వైపు ఫ్లోరైడు నీళ్లకు గారపట్టిన పళ్లయితే ఇంకో తంటా. ఆ ఎనామిల్ మీద అంటించినవి తొందరగా ఊడొస్తాయి. దవడ పళ్లకు రింగులు తొడిగి సిమెంటు పెట్టే రకం మేలు, అడగండి.

పాతికేళ్లవాళ్లు ప్లేటుతో దవడ పెరుగుతుందని డబ్బులు పోయడం ఏందో అర్థం కాదు. అతుకు గట్టిపడ్డాక మామూలు స్క్రూ తిప్పితే పళ్లు బయటికి వాలతాయి, చిగుళ్లు జారతాయి. ఆ వయసులో ఎముకలోకి మినీ స్క్రూలో, ఆపరేషనో కావాలి.

పెద్దోళ్ల గురకకు ఇచ్చే మౌత్‌పీస్ వేరు. అది దవడను పెంచదు, రాత్రి పూట కింది దవడను ముందుకు పట్టుకుంటుంది, అంతే. ముందు స్లీప్ స్టడీ (నిద్రలో శ్వాసను కొలిచే పరీక్ష) చేయించండి. గంటకు 30, ఆ పైన శ్వాస ఆటంకాలుంటే మొదటి మాట మాస్కుతో గాలి నెట్టే సీపాప్ మిషన్‌దే. వేడినీళ్లలో ముంచి కొరికే ఆన్‌లైన్ సరుకు జారిపోతుంది, కొలత తీసి చేసినదాన్ని స్క్రూతో కొంచెం కొంచెంగా ముందుకు జరుపుకోవచ్చు. పొద్దున తీశాక కాసేపు దవడ పట్టేసినట్టుండటం మామూలే. మధ్యాహ్నం భోజనానికి కూడా వెనక పళ్లు కలవట్లేదంటే ఇక స్క్రూ ముట్టుకోకండి, డాక్టరుకు చూపించండి.