ఫోన్ ఎప్పుడో సిద్ధం, మరి రౌటర్?

ఫోన్‌లో వైఫై ఆపేసి, సెట్టింగ్స్‌లో ఐపీ అడ్రస్ చూడండి. చుక్కల బదులు కోలన్లతో, అంకెలూ ఇంగ్లిష్ అక్షరాలూ కలిసిన పొడుగాటి వరస ఉంటే అది ఐపీవీ6, అంటే ఇంటర్నెట్‌లో పరికరాలకు ఇచ్చే కొత్త తరహా చిరునామా. జియో సిమ్ అయితే 2409తో మొదలవుతుంది. మా ఇంట్లో వైఫై ఆన్ చేయగానే ఆ వరస మాయమై, 192.168తో మొదలయ్యే పాత తరహా (ఐపీవీ4) చిరునామా మిగిలింది. ఎఫ్‌ఈ80తో ఇంకో వరస కనిపించింది గానీ, దాన్ని చూసి మురిసిపోనక్కర్లేదు. అది ఇంటి లోపలి చిరునామా, గడప దాటదు.

పాత ఐపీవీ4లో ఉన్నవే దాదాపు 430 కోట్ల చిరునామాలు. వాటి అంతర్జాతీయ కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే ఖాళీ అయింది. 2016లో జియో 4జీని ఐపీవీ6తోనే మొదలుపెట్టింది. ఐపీవీ6 మాత్రమే ఉన్న నెట్‌వర్క్‌లో పనిచేయని యాప్‌లను తీసుకోవడం యాపిల్ అదే ఏడాది ఆపేసింది. ఫోన్ల కథ అక్కడితో సరి.

చిక్కంతా ఇంట్లోనే. ఇంటికి తీగతో వచ్చే నెట్ (వైర్‌లైన్) కనెక్షన్ల పరికరాలు ఐపీవీ6కి సిద్ధం కావాలని టెలికాం శాఖ 2013 రోడ్‌మ్యాప్‌లోనే గడువు పెట్టింది. తర్వాత కొత్త కనెక్షన్ల గడువు 2022 డిసెంబర్ దాకా జరిగింది. మా రౌటర్ మెనూలో ఐపీవీ6 ఉంది, ఆఫ్‌లో. ఆన్ చేశాను, చిరునామా రాలేదు. ఆపరేటర్‌కి ఫోన్ చేస్తే, “నెట్ వస్తోంది కదా సార్?” అన్నాడు.

వస్తోంది. ఒకే పబ్లిక్ చిరునామాను ఎన్నో ఇళ్లకు పంచి నెట్టుకొస్తున్నారు కాబట్టి వస్తోంది. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటర్‌కి బయటి వైపు ఉన్న చిరునామా) 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీరూ ఆ పంపకంలో ఉన్నట్టే. సీసీ కెమెరా పెట్టించుకున్నప్పుడు దీని బరువు తెలుస్తుంది: బయటి నుంచి నేరుగా చూడాలంటే స్టాటిక్ ఐపీకి (మనకే కేటాయించిన, మారని పబ్లిక్ చిరునామాకి) విడిగా డబ్బు కట్టాలి, లేదంటే మన గుమ్మం దృశ్యాలు కెమెరా కంపెనీ సర్వర్ సాయంతో మనకు చేరాలి. ఐపీవీ6 వచ్చినా, కెమెరా దృశ్యాలు రికార్డు చేసే డీవీఆర్ డబ్బాకి అది తెలియకపోతే దండగే. పిల్లలు ఆడే గేమ్ పరికరం, తొలి నింటెండో స్విచ్‌కే అది రాదు.

కొనేవాళ్లను తప్పుపట్టలేం. ఫ్రిజ్ మీద స్టార్లు అతికించినట్టు రౌటర్, డీవీఆర్ డబ్బాల మీద కూడా ఈ సంగతి రాయించాల్సింది ప్రభుత్వమే. ఇప్పుడైతే షాపులో ఐపీవీ6 ఉందా అని అడిగితే, డబ్బా తిప్పి పెద్దక్షరాల్లో ఉన్న ‘వైఫై 6’ చూపిస్తారు. అది వైఫై తరం నంబరు, రెండింటికీ సంబంధమే లేదు.