శుక్రవారం రాత్రి భోజనానికి ఎవరెవరు వస్తారు?

పిల్లల్ని కాలేజీలో చేర్చే ముందు అమెరికాలోని యూదు తల్లిదండ్రులు ఇప్పుడు ఫీజు, ర్యాంకులతో పాటు ఇంకో మార్కుల జాబితా కూడా తిరగేస్తున్నారు. యూదు ద్వేషాన్ని ఏ క్యాంపస్ ఎంత గట్టిగా ఎదుర్కొంటోందో చెబుతూ యాంటీ డెఫమేషన్ లీగ్ అనే యూదు హక్కుల సంస్థ 2024 ఏప్రిల్‌లో 85 విద్యాసంస్థలకు గ్రేడ్లు వేసింది. హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ సహా 13 ఫెయిలయ్యాయి. ‘ఎ’ వచ్చింది రెండింటికే: బ్రాండైస్, ఎలాన్. మరుసటి ఏడాదికి హార్వర్డ్ ‘సి’కి ఎగబాకింది. మన స్కూలు ప్రోగ్రెస్ కార్డులు కూడా ఇంత వేగంగా మారవు.

గాజా యుద్ధం, కొలంబియా యూనివర్సిటీలో పాలస్తీనాకు మద్దతుగా వెలిసిన నిరసన గుడారాలు, అమెరికా కాంగ్రెస్ విచారణలో ముగ్గురు యూనివర్సిటీ అధ్యక్షురాళ్ల తడబాటు అందరికీ గుర్తున్నవే. ఆ టెన్షన్‌లో ఇలాంటి జాబితా పుట్టడం సహజం. కానీ దాన్ని పట్టుకుని కాలేజీ ఎంచుకోవడం తప్పని నా అభిప్రాయం.

యూదు విద్యార్థికి ఆ నాలుగేళ్లు ఎలా గడుస్తాయన్నది చాలా చిన్న విషయాల్లో ఉంటుంది. శుక్రవారం పొద్దుగూకాక షబ్బాత్ (వారాంతపు విశ్రాంతి దినం) భోజనానికి పదిమంది చేరతారా? మెస్‌లో కోషర్ వంట, అంటే యూదు ఆచారం ప్రకారం చేసే వంట, ఉందా? యూదుల పెద్ద పర్వదినం యోమ్ కిప్పూర్ ఉపవాసం నాడు పరీక్ష పడితే ప్రొఫెసర్ ఇంకో రోజు రాయనిస్తారా, లేక దానికీ డీన్ ఆఫీసు చుట్టూ తిరగాలా? ఇవి పెద్ద పేర్లతో వచ్చేవి కావు. యూదు విద్యార్థులకు పెద్ద దిక్కయిన హిల్లెల్ సంస్థ 1923లో మొదలైంది ఇల్లినాయ్ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో, మొక్కజొన్న చేల నడుమ. చబాద్ అనే యూదు మత సంస్థ వాళ్ల పద్ధతి ఇంకా సులువు: క్యాంపస్ పక్కనే రబ్బీ (యూదు మతగురువు) దంపతులు కాపురం పెట్టి, వచ్చిన పిల్లలందరికీ వడ్డిస్తారు. ‘ఎ’ తెచ్చుకున్న ఎలాన్‌ను స్థాపించింది క్రైస్తవులు!

ముందు భద్రత, భోజనం సంగతి తర్వాత అనేవాళ్లున్నారు. మెడలో యూదుల గుర్తైన దావీదు నక్షత్రం గొలుసును చొక్కా లోపలికి దాచుకుని తిరిగే పిల్లను చూశాక ఆ మాట కాదనలేం. ఫిర్యాదు చేస్తే ఎవరు పట్టించుకుంటారో కనుక్కోవాల్సిందే. అయితే కొలంబియా గుడారాల్లో పాసోవర్ పండగ విందు చేసుకున్న విద్యార్థులూ యూదులే. వాళ్ల క్యాంపస్ జీవితం గురించి ఆ గ్రేడు చెప్పేది తక్కువ. గుడారంలో విందు చేసుకున్న పిల్లా, గొలుసు దాచుకున్న పిల్లా ఒకే బల్ల దగ్గర కూర్చోగలిగే చోటు ఏదన్నది నాకు ముఖ్యం.

అసలు నన్ను తొలిచేది ఇంకొకటి. హార్వర్డ్ లాంటి పెద్ద కాలేజీల గేట్ల మీద ఇంత మోజెందుకు? 1920ల మొదట్లో హార్వర్డ్‌లో కొత్తగా చేరేవాళ్లలో యూదులు ఐదో వంతు దాటారు. అధ్యక్షుడు లోవెల్‌కు అది మింగుడు పడలేదు. యూదులు ఇంతమందికి మించొద్దని బాహాటంగా కోటా పెడతానంటే అధ్యాపకులు ఒప్పుకోలేదు. అప్పుడు 1926లో దొడ్డిదారి దొరికింది: మార్కులతో పాటు ‘క్యారెక్టర్’ కూడా చూస్తామన్నారు, ఫొటో అడిగారు. యూదుల సంఖ్య పడిపోయింది. పెద్ద కాలేజీల్లో ఇలాంటి గీతలుండబట్టే 1948లో యూదులు బ్రాండైస్ కట్టుకున్నారు.

ఆ ‘క్యారెక్టర్’ ఇంకా బతికే ఉంది. అడ్మిషన్లలో జాతిని చూడటంపై 2023లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చిన హార్వర్డ్ కేసులో దాని పేరు ‘పర్సనల్ రేటింగ్’. ఆసియా సంతతి పిల్లలకు అందులో సగటున తక్కువ పడుతోందని విచారణలో బయటపడింది. ఉద్దేశపూర్వక వివక్ష కాదని కింది కోర్టులు అన్నాయి. నాకు నమ్మకం కుదరలేదు. ఇప్పుడు న్యూజెర్సీలో, డాలస్‌లో మన తెలుగువాళ్లు సీటు రాకపోతే పిల్లాడి పర్సనాలిటీలో ఏదో లోపముందనుకుని ఎస్సే కోచింగ్‌లకు డాలర్లు పోస్తున్నారు. లోపం పిల్లాడిలోనా, వందేళ్ల కిందట ఇంకొకరి పిల్లల్ని ఆపడానికి చేసిన ఆ కొలబద్దలోనా?