‘మీ డాక్టరు చెబుతారు లెండి’

ఎనిమిదేళ్లుగా పదో తరగతికి సంభావ్యత పాఠం చెబుతున్నాను. సంచిలో ఎర్ర బంతులు ఇన్ని, నీలం బంతులు ఇన్ని, చూడకుండా ఒకటి తీస్తే ఎర్రది వచ్చే అవకాశం ఎంత? నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అలాంటి నేను కిందటేడు ఒక శనివారం సాయంత్రం స్కానింగ్ సెంటరు మెట్ల మీద కూర్చుని, రెండు పేజీల రిపోర్టును మూడుసార్లు చదివి, నాలుగోసారి చదివే ధైర్యం లేక మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆనాటి కోపం ఇంకా చల్లారలేదు. చల్లారితే రాయను కనుక ఇప్పుడే రాస్తున్నాను.

అయిదో నెలలో బిడ్డ అవయవాలన్నీ పరిశీలించే టిఫా స్కాన్ అది. లెక్క ప్రకారం ఆ రోజుకు 20 వారాల 3 రోజులు. మొదట్లో స్కానింగ్ డాక్టరుగారు బాగానే మాట్లాడారు. ఇదిగో తల, ఇదిగో వెన్నెముక, ఇవి కాళ్లు అని చూపించారు. గుండె దగ్గరికి వచ్చేసరికి మాట ఆగిపోయింది. పొట్ట మీద జరుగుతున్న ప్రోబ్ ఒకేచోట నిలిచింది. మౌస్ టక్కుటక్కుమని మోగుతూనే ఉంది. బిడ్డ అటు తిరిగి ఉంది, ఏదైనా తియ్యగా తాగి పది నిమిషాలు నడిచి రండి అన్నారు. వరండాలో మాజా సీసా పట్టుకుని అటూ ఇటూ తిరిగాను. నాలాగే తిరుగుతున్న ఇంకో ఇద్దరితో నవ్వుతూ కబుర్లు కూడా చెప్పాను. తిరిగి వెళ్లి పడుకునేసరికి తెర కొంచెం అటువైపు తిరిగి ఉంది.

“ఏమైనా ఉందా మేడమ్?”

“రిపోర్టు రాస్తాను. మీ డాక్టరు చెబుతారు లెండి.”

నేను జెల్ తుడుచుకుంటున్నాను. చల్లగా జిగురుగా ఉన్న పొట్టకు టిష్యూ కాగితం ముక్కలు ముక్కలుగా అంటుకుంటోంది. ఆవిడ తలుపు తీసి మా ఆయనను పిలిచారు. తలుపు పూర్తిగా మూసుకోలేదు. “బేబీ గుండెలో చిన్న చుక్క కనిపిస్తోంది. ఆవిడకు ఇప్పుడే చెప్పకండి, కంగారు పడతారు.”

బిడ్డ నా కడుపులో ఉంది. మాట వరండాలో నిలబడ్డ మనిషికి చెప్పారు. నేను కంగారు పడకూడదనే అట! మా ఆయన లోపలికి వచ్చి “అంతా బాగానే ఉందట” అన్నారు. పెళ్లయ్యాక ఆయన నాతో చెప్పిన మొదటి అబద్ధం అదేననుకుంటాను, ఎందుకంటే చెప్పడం అస్సలు చేతకాలేదు.

రిపోర్టులో ఉన్నది ఇంతే: ఎడమ జఠరికలో ఎకోజెనిక్ ఫోకస్. కింద లావుపాటి అక్షరాల్లో, జన్యుపరమైన సలహా తీసుకోవాలని ఒక వాక్యం. ఆ చుక్క గుండెజబ్బా? ఆపరేషన్ కావాలా? జన్యువులకూ గుండెలోని చుక్కకూ సంబంధం ఏమిటి? కాగితం చెప్పదు. రాసిన మనిషి చెప్పరు. చెప్పాల్సిన మా డాక్టరుగారి ఓపీ మళ్లీ మంగళవారం.

కొందరు దీనికి చట్టాన్ని అడ్డు పెడతారు. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టం ఉంది, అందుకే స్కానింగ్ వాళ్లు నోరు విప్పరని. స్కాన్‌కు ముందు ఆ చట్టం అడిగే ఫారం ఎఫ్ మీద నేనూ సంతకం చేశాను. గోడ మీద బోర్డూ చదివాను. ఆ చట్టం చెప్పవద్దన్నది ఆడపిల్లా మగపిల్లాడా అన్నది మాత్రమే. గుండెలో చుక్క గురించి తల్లికి చెప్పవద్దని అందులో ఎక్కడా లేదు. తమ మొహమాటాన్ని చట్టం మీదికి నెట్టకండి.

ఆ మూడు రాత్రులు ఏం చేశానో మీకు తెలుసు, మీరైనా అదే చేస్తారు. ఫోనులో వెతికాను. రెండు నిమిషాల్లో డౌన్ సిండ్రోమ్ అనే మాట కనిపించింది, పుట్టుకతో వచ్చే జన్యుపరమైన స్థితి. ఇక నిద్ర ఎక్కడిది? “నెట్‌లో ఎందుకు చూశావు?” అని తర్వాత అందరూ మందలించారు. మనిషి చెప్పకపోతే ఫోనునే కదా అడుగుతాం?

చుట్టాల సంగతి వేరే చెప్పాలా. ఒక పెద్దమ్మ ఫోనులోనే విచారణ మొదలుపెట్టింది, గ్రహణం రోజున బయటికి వచ్చావా అని. పెదవి చీలిన బిడ్డకు గ్రహణం మొర్రి అని పేరు పెట్టి, పుట్టకముందే తల్లిని దోషిని చేసే భాష మనది. ఇంకొకరు, “మా కాలంలో ఈ స్కాన్లన్నీ ఎక్కడివి, మేము కనలేదా?” అన్నారు. మిగిలినవాళ్లంతా ‘అంతా మంచే జరుగుతుంది, మంచి ఆలోచనలు పెట్టుకో’ జట్టు. నిజం చెప్పాలంటే నాకు పెద్దమ్మకన్నా ఈ జట్టు మీదే ఎక్కువ ఒళ్లు మండింది. నా ఆలోచనలను బట్టి బిడ్డ గుండె మారుతుందన్నమాట, రేపు ఏదైనా అయితే అదీ నా తప్పే.

ఆదివారం రాత్రి వంటింట్లో దీపం వేసుకుని కూర్చుంటే మా అత్తయ్య వచ్చారు. ఏమీ కాదమ్మా అంటారేమోనని పళ్లు బిగబట్టి చూశాను. అనలేదు. కంచంలో కాస్త పెరుగన్నం కలిపి ముందు పెట్టి, తనకు మా ఆయనకన్నా ముందు ఒక పాప పుట్టిందని చెప్పారు. పుట్టినప్పుడు గోళ్లు, పెదవులు నీలంగా ఉన్నాయట. మూడు రోజులు ఉందట. ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేదట. “స్కాన్లు లేకుండానే కన్నాం అంటారు కానీ, పోయినవాళ్లను ఎవరు లెక్కపెట్టారు?” అన్నారు. ఆ పాప సంగతి మా ఆయనకు కూడా తెలియదు. మా ఇంట్లో నలభై ఏళ్లుగా ఎవరూ తలవని ఆ పాప ఆ రాత్రి మా ఇద్దరి మధ్యా కూర్చుంది. నాకు మొదటిసారి ఏడుపొచ్చింది. ఏడ్చాక కొంచెం ఆకలీ వేసింది.

మంగళవారం మా డాక్టరుగారు నాలుగు నిమిషాలు మాట్లాడారు. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది, అందుకే అంత కచ్చితంగా చెబుతున్నాను. ఆ చుక్క గుండె కండరంలో కొంచెం కాల్షియం పేరుకుని తెల్లగా మెరవడం. గుండెజబ్బు కాదు, గుండె పనికి దానితో అడ్డు లేదు. మామూలు గర్భాల్లోనే వందలో మూడు నుంచి ఐదుగురు బిడ్డల్లో కనిపిస్తుంది, ఆసియా వాళ్లలో ఇంకొంచెం ఎక్కువగా. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డల్లో ఇది మరికాస్త తరచుగా కనిపిస్తుంది కనుక దాన్ని ఒక ఆనవాలుగా రాసుకుంటారు, రుజువుగా కాదు. ఆ ఒక్క చుక్క తప్ప స్కాన్‌లో ఇంకేమీ లేకపోయి, మూడో నెలలో చేసిన పరీక్షలో ముప్పు తక్కువని వచ్చి ఉంటే, దీని కోసం ఇంకే పరీక్షా అక్కర్లేదు. అమెరికాలో గర్భస్థ శిశు వైద్య నిపుణుల సంఘం 2021లో ఇదే మాట రాతపూర్వకంగా చెప్పింది. మూడో నెలలో నాకు చేసిన ఎన్‌టీ స్కాన్, డబుల్ మార్కర్ రక్తపరీక్ష కలిపి వచ్చిన అంకె 1:1800. అంటే నాలాంటి 1,800 మందిలో ఒకరి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండే అవకాశం. మామూలుగా 1:250 దగ్గర గీత గీసి, దానికి ఇవతల, అంటే ముప్పు అంతకన్నా ఎక్కువ ఉన్నవాళ్లకు తదుపరి పరీక్షలు చెబుతారట. నేను గీతకు చాలా దూరంగా అవతల ఉన్నాను.

మా బడిలో 400 మంది పిల్లలు ఉన్నారు. ఆ లెక్కన వాళ్లలో పన్నెండు నుంచి ఇరవై మందికి అమ్మ కడుపులో ఈ చుక్క ఉండి ఉంటుంది. వాళ్లే ఇప్పుడు మధ్యాహ్న భోజనం గంట కొట్టగానే నన్ను తోసుకుంటూ పరుగెత్తుతారు. ఈ ఒక్క ఉదాహరణ శనివారమే ఎవరైనా చెప్పి ఉంటే?

‘అయినా చివరికి ఏమీ లేదు కదా, ఇంత గొడవ ఎందుకు?’ అనేవాళ్లు ఉంటారు. నా గొడవ అసలు ఏదో ఉన్నవాళ్ల కోసం. టిఫా చేసేదే 18 నుంచి 22 వారాల మధ్య. బిడ్డకు తీవ్రమైన లోపం ఉందని తేలితే గర్భం కొనసాగించాలా వద్దా అని నిర్ణయించుకోవడానికి 2021లో సవరించిన గర్భస్రావ చట్టం 24 వారాల వరకు వీలిచ్చింది, ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో. అది దాటితే మెడికల్ బోర్డు ముందుకు వెళ్లాలి. జన్యులోపం ఉందో లేదో తేల్చడానికి ఉమ్మనీరు తీసి చేసే పరీక్షలో కొన్ని ఫలితాలు కొద్ది రోజుల్లోనే వచ్చినా, పూర్తి ఫలితానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఇరవై వారాల మూడు రోజులకు ఓపీ కోసం మూడు రోజులు, పెద్దాసుపత్రిలో అపాయింట్‌మెంటుకు ఇంకో నాలుగు, ఫలితానికి మూడు వారాలు కలపండి. ఆ 24 దాటిపోతుందని ఐదో తరగతి పిల్ల కూడా చెబుతుంది. బిడ్డను కనాలనే నిర్ణయించుకున్న తల్లికీ ఆ రోజులు ముఖ్యమే. గుండెలో నిజంగా లోపం ఉంటే పిల్లల గుండె ఆపరేషన్లు చేసే ఆసుపత్రిలోనే కాన్పు ఏర్పాటు చేసుకోవచ్చు. మా అత్తయ్య పాపకు దొరకనిది ఆ వ్యవధే.

2022లో తెలంగాణలో 44 ప్రభుత్వ ఆసుపత్రులకు 56 టిఫా యంత్రాలు ఇచ్చారు. చాలా మంచి పని. హైదరాబాద్ నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగమే ఉంది. కానీ యంత్రం పక్కన కూర్చుని, చూసినదాన్ని తల్లి కళ్లలోకి చూసి తెలుగులో చెప్పే మనిషి ఎక్కడ? స్కానింగ్ డాక్టర్ల మీద రోజుకు ఎంతమంది భారం ఉంటుందో నాకు తెలుసు, వరండాలో నేనూ ఉన్నాను. రోగం పేరు చెప్పే బాధ్యత వాళ్లది కాదంటే ఒప్పుకుంటాను. ‘ఇది చాలామందిలో కనిపించేదే, అత్యవసరం కాదు, మంగళవారం దాకా ఆగవచ్చు’ అనో, ‘ఇది ఆగేది కాదు, ఇప్పుడే మీ డాక్టరుకు ఫోను చేస్తున్నాను’ అనో చెప్పడానికి పావు నిమిషం చాలు. మాజా తాగి రమ్మని చెప్పినంత సేపు.

మా పాపకు ఇప్పుడు ఏడు నెలలు. అడుగుతారని చెబుతున్నాను, అంతే. దానికి బాగా లేకపోయినా ఈ పోస్టులో ఒక్క మాట కూడా మార్చేదాన్ని కాదు.

పోయిన వారం స్టాఫ్ రూములో మా తెలుగు టీచరు చీర కొంగు చాటున రిపోర్టు తీసి చూపించింది. తనకూ అయిదో నెల. మెదడులో ఏదో నీటి తిత్తి అని రాశారు. తన చెయ్యి వణుకుతోంది. ఏమీ కాదులే అనే మాట నా నోటి దాకా వచ్చింది, మింగేశాను. ఎన్ని వారాలు అని అడిగాను. తర్వాత హాజరు పట్టీ వెనక రాసిచ్చాను: ఈ తిత్తి ఒక్కటేనా, ఇంకేమైనా కనిపించిందా? మూడో నెల పరీక్షలో వచ్చిన అంకె ఎంత? మళ్లీ ఎప్పుడు చూడాలి? మనం ఏదైనా నిర్ణయించుకోవాలంటే ఎంత సమయం ఉంది? ఓపీ ఎప్పుడని అడిగితే గురువారం అంది. అది సోమవారం. “ఇప్పుడే ఫోను చెయ్యి, నేను ఇక్కడే ఉంటాను” అన్నాను. తను నంబరు నొక్కుతుండగా గంట కొట్టారు. తన ఎనిమిదో తరగతి పిల్లలు తలుపు దగ్గరికి వచ్చి తొంగి చూస్తున్నారు. పద్యాలు నాకు రావు, అయినా సుద్దముక్క తీసుకుని ఆ క్లాసుకు నేనే వెళ్లాను.